నేతగత్తె పిల్లికి ముగ్గురు వైద్యులు

అనగా అనగా, కోడికూతకన్నా ముందు మగ్గం చప్పుడుకే తెల్లవారే ఊరొకటి ఉండేది. ఆ ఊరి పేరు పడుగులపాడు.

పడుగులపాడులో ఇంటికొక మగ్గం. నడింట్లో మోకాలి లోతు గుంట, ఆ గుంట మీద మగ్గం. నేసేవాళ్ళు గట్టున కూర్చుని, కాళ్ళు గుంటలోకి దించి, అడుగున ఉన్న తొక్కుడు చెక్కలు తొక్కుతూ నేసేవాళ్ళు. టకా టకా, టకా టకా. పొద్దున్న మొదలైన ఆ చప్పుడు పొద్దుగూకేదాకా ఆగేది కాదు.

ఆ ఊళ్ళో చౌడమ్మ అనే నేతగత్తె ఉండేది. ఆమె నేసిన చీర అంచు గీత గీసినట్టు ఉంటుందని చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు చెప్పుకునేవారు. మొగుడు బసవయ్య ఆ చీరలను మూటగట్టుకుని సంతలు తిరిగి అమ్ముకొచ్చేవాడు. మనిషికి నోరు పెద్ద, మనసు మెత్తన.

వాళ్ళింట్లో ఒక ఆడపిల్లి. ఒళ్ళంతా తెలుపు, ఒక్క చెవి మాత్రం నలుపు. మగ్గంలో నూలు పట్టుకుని ఈ అంచు నుంచి ఆ అంచుకు పరుగులు తీసే చెక్కముక్కను నాడె అంటారు. ఈ పిల్లి కూడా వంటింట్లోంచి వాకిట్లోకి, వాకిట్లోంచి వంటింట్లోకి ఊరికే అలా తిరుగుతూ ఉండేది. అందుకని దానికి నాడె అనే పేరు పెట్టారు.

"పేరేమో నాడె, పనేమో తిండి" అని వెక్కిరించేవాడు బసవయ్య. "దొంగమొహందానా, నా పెరుగు గిన్నెలో మళ్ళీ మూతి పెట్టావా?" అని చెయ్యెత్తేవాడు. ఎత్తిన చెయ్యి దాని వీపు మీదికి దిగేసరికి నిమరడం అయిపోయేది.

నేతవాళ్ళింట పిల్లి అంటే మాటలు కాదు పిల్లలూ. నిలువు పోగులను పడుగు అంటారు. ఆ పడుగు గట్టిగా ఉండాలని దానికి గంజి పెడతారు. గంజి వాసన తగిలిందా, ఎలుకలకు పండగే. ఒక్క పూట ఏమరితే పడుగంతా కొరికి పీచు చేసిపెడతాయి.

ఒక ఏడు రాజుగారింట పెళ్ళి కుదిరింది. పెళ్ళిబట్టలన్నీ పడుగులపాడు మగ్గాల మీదే దిగాలని ఆజ్ఞ వచ్చింది. ఊరంతా గంజి కాచింది. ఊరి ఎలుకలకే కాక, పొరుగూరి ఎలుకలకూ కబురు వెళ్ళినట్టుంది. ఏ ఇంట చూసినా కొరికిన పడుగులే, నెత్తిన చేతులే. చౌడమ్మ ఇంట మాత్రం ఒక్క పోగు తెగలేదు. మగ్గం కింద నాడె కాపలా కూర్చుంది మరి! రాజకుమార్తె పెళ్ళిచీర చౌడమ్మ చేతి మీదుగానే కోటకు వెళ్ళింది. ఆనాటి నుంచి ఆ ఇంట్లో మొదటి ముద్ద నాడెదే.

కాలం ఆగదు కదా. ఏళ్ళు గడిచాయి. నాడె ముసలిదైంది. ఎలుకలు పట్టడం మానేసి, పట్టినట్టు కలలు కనడం మొదలుపెట్టింది. పొద్దున వీధిలో పడుగు సాగదీసి ఆరబెడితే, ఆ పడుగు నీడ అంచున ఎండ కాగేది. మధ్యాహ్నం చౌడమ్మ పాలు కాచి దించితే మీగడ కోసం గిన్నె చుట్టూ తిరిగేది. తక్కిన పొద్దంతా మగ్గం గుంటలో చౌడమ్మ పాదం మీద తల పెట్టుకుని పడుకునేది. పైన టకా టకా, కింద గురగుర.

అలాంటి పిల్లి ఒకనాడు అన్నం ముట్టలేదు. మర్నాడు కూడా ముట్టలేదు. ఎత్తుకుంటే దూదిపింజలా తేలిపోయింది. పొట్ట మీద చెయ్యి వేస్తే లోపల గట్టిగా ఏదో తగిలింది.



పడుగులపాడులో ఒక ఆచారం ఉంది. ఇంట్లో మనిషికి ప్రాణం మీదికి వస్తే, ఆ ఇంటి మగ్గానికి పసుపు దారం కట్టేస్తారు. కట్టాక మగ్గం పలకకూడదు. రోగి లేచి తిరిగితే దారం విప్పుతారు. లేదా రోగి కన్నుమూశాక విప్పుతారు. మధ్యలో విప్పితే, మనిషి మీద ఆశ వదులుకున్నారని అర్థం.

చౌడమ్మ పసుపులో దారం ముంచి మగ్గానికి కట్టింది.

పక్కింటి ఈరమ్మ గుమ్మంలోంచి చూసి బుగ్గలు నొక్కుకుంది. "ఏం వదినా, అన్నయ్యకేమన్నా అయిందా?"

"మీ అన్నయ్యకేం? దున్నపోతులా ఉన్నాడు. నాడెకు బాగాలేదు."

"పిల్లికా! పిల్లి కోసం మగ్గం కట్టేశావా? రేపు మా ఇంట్లో బొద్దింక తుమ్మితే నేనూ కట్టేస్తానమ్మా!"

"నవ్వుకో వదినా. నాడె నాకు పిల్లి కాదు" అంది చౌడమ్మ. ఆమె కళ్ళు చూశాక ఈరమ్మ నవ్వలేకపోయింది.

ఇల్లంతా చడీచప్పుడు లేకుండా అయిపోయింది.

ఆ రాజ్యంలో జంతువులకు వైద్యం తెలిసిన పెద్ద మనిషి ఎవరంటే, అందరూ కోటలోని ఏనుగుల వైద్యుణ్ణి చూపించేవారు. ఆయన పేరు ఐరావతశాస్త్రి. చౌడమ్మ వెళ్ళి కాళ్ళావేళ్ళా పడితే, పెళ్ళిచీర నేసిన చెయ్యి కదా అని జాలిపడి వచ్చాడు.

వచ్చి వాకిట్లోనే బారెడు దూరంలో నిలబడ్డాడు. ఏనుగుల దగ్గర అలవాటైన దూరం అది.

"రోగి ఎక్కడ?"

"ఇదిగోనండీ, ఒళ్ళో ఉంది."

ఐరావతశాస్త్రి కళ్ళు చికిలించి చూశాడు. "ఆఁ, కనబడింది. కాస్త చిన్నది. నాలుక పాలిపోయింది. ఒంట్లో శైత్యం చేరింది. ఎండా గాలీ సోకని గదిలో ఉంచు. కింద పట్టు పరుపు వెయ్యి. పాలు, మీగడ దగ్గరికి రానివ్వకు. కషాయం చెబుతాను, పూటకొక గంగాళం పట్టించు."

"గంగాళమా!" బసవయ్య నోరు తెరిచాడు.

శాస్త్రి కాస్త తడబడ్డాడు. "సరే. చెంబెడు చాలు."

"అయ్యా, పిల్లికన్నా చెంబే పెద్దదండీ."

"అయితే నీకు తోచినంత పట్టించవయ్యా! పథ్యం మాత్రం తప్పకూడదు" అని విసుక్కుంటూ వెళ్ళిపోయాడు.

చౌడమ్మ ఒక్క మాట పొల్లు పోకుండా చేసింది. నాడెను లోపలి గదిలో పట్టు పరుపు మీద పడుకోబెట్టింది. కిటికీ మూసింది. పాలగిన్నె కనబడకుండా ఉట్టి మీద పెట్టింది. నాడె ఆ పరుపు మీద కూర్చుని మూసిన కిటికీ వంక చూస్తూ ఉండేది. కాసేపు చూసి, తల ముడుచుకునేది. నిద్ర మాత్రం పోయేది కాదు.

రోజులు గడిచాయి. నాడె ఇంకా చిక్కింది.

అప్పుడొచ్చాడు ధనగుప్తుడనే మందుల వర్తకుడు. చేతి వేళ్ళకు పచ్చల ఉంగరాలు, బండి నిండా సీసాలు. అతని నోట్లో 'తెలియదు' అన్న మాట ఉండేది కాదు.

"నయమవుతుందా?" అని అడిగింది చౌడమ్మ.

"అవుతుందా ఏమిటమ్మా? అయిపోయిందనుకో! ఈ భస్మం నూనెలో రంగరించి, వెదురు గొట్టంతో మూడు పూటలా గొంతులో పొయ్యి. పులిపిల్లలా ఎగురుతుంది. ఒక్క పూట తప్పినా నా పూచీ లేదు."

బసవయ్య గొణిగాడు. "ఏమే, ఇతను నిరుడు సంతలో ఇదే సీసా బట్టతలకని అమ్మాడు."

"నువ్వూరుకో. నయమవుతుందని చెప్పినవాడు ఇతనొక్కడే" అంది చౌడమ్మ. మగ్గం మీదికి ఎక్కించడానికి దాచుకున్న మేలైన పట్టునూలు తీసి ఇచ్చేసింది.

మొదటి పూట నాడె గింజుకుంది. బసవయ్య కాళ్ళు పట్టుకుంటే చౌడమ్మ నోరు తెరిచి గొట్టం పెట్టింది. రెండో పూట గీరింది. మూడో పూటకు గీరే ఓపిక లేక, కళ్ళు మాత్రం గట్టిగా మూసుకుంది.

"నీ మంచికే తల్లీ, నీ మంచికే" అని చౌడమ్మ ఏడుస్తూ పోసేది. దాని మూతి తుడిచి తాను కళ్ళు తుడుచుకునేది.

అలా కొన్నాళ్ళు గడిచాయి. ఒక ఉదయం చౌడమ్మ గొట్టం తీసుకోకుండానే, ఊరికే చూసి పోదామని గదిలోకి వెళ్ళింది. ఆమె కాలి మట్టెల చప్పుడు గడప దాటింది. పరుపు మీద ఉన్న నాడె లేచింది. లేవలేక లేచి, ఈడ్చుకుంటూ ఈడ్చుకుంటూ, నూలు కుండల వెనక్కి వెళ్ళి దాక్కుంది.

చౌడమ్మ గడపలోనే కూలబడింది.

నిన్నమొన్నటిదాకా ఆమె మట్టెల చప్పుడు వింటే చాలు, ఆ పిల్లి తోక నిలబెట్టుకుని ఎదురొచ్చేది. ఇంట్లో ఏ మూల ఉన్నా సరే. ఇవాళ ఆ చప్పుడుకే దాక్కుంది.

"ఏమయ్యా, నేనంటే భయపడుతోంది" అంది.

బసవయ్య తువ్వాలు భుజాన వేసుకుని బయటికి నడిచాడు. ఆ వారం ఊరికి ఉత్తరాన పశువుల సంత జరుగుతోంది. ఆ సంతకు సోమిదేవయ్య అనే పశువైద్యుడు వస్తాడు. పెద్దల దగ్గర శాస్త్రం చదువుకున్నవాడు, ఎన్నో మందలు చూసినవాడు. బసవయ్య అతణ్ణి వెంటబెట్టుకుని వచ్చాడు.

సోమిదేవయ్య వస్తూనే పిల్లిని పట్టుకోలేదు. నూలు కుండలకు కాస్త ఎడంగా నేల మీద చతికిలబడ్డాడు. మంచినీళ్ళు అడిగి తాగాడు. ఎండల గురించి, ఎడ్ల గురించి బసవయ్యతో మెల్లగా మాట్లాడుతూ కూర్చున్నాడు. చాలాసేపటికి కుండల చాటు నుంచి నల్లచెవి బయటికి వచ్చింది. తర్వాత ముక్కు వచ్చింది. ఆయన చెయ్యి చాపి నేల మీద ఉంచాడు. నాడె దాన్ని వాసన చూసింది. అప్పుడాయన మెత్తగా దాని పొట్ట నొక్కి చూసి, చెయ్యి తీసేశాడు.

"తల్లీ, నిజం చెప్పమంటావా?"

చౌడమ్మ తలూపింది.

"లోపల గడ్డ ఉంది. దీన్ని కరిగించే మందు నా దగ్గర లేదు. ఉందని ఎవరైనా అంటే నమ్మకు. కత్తితో కోసి తీయవచ్చు. అలా తీసిన వయసు పిల్లులు కొన్ని లేచి తిరిగాయి. ముసలివాటిలో లేచినవి బహు తక్కువ. లేచినవి కూడా చాలాకాలం నొప్పి పడ్డాయి. ఇది ఆ తక్కువలో ఒకటి అవుతుందో కాదో నాకు తెలియదు."

తెలియదు అన్న మాట ఆ ఇంట్లో ఒక వైద్యుడి నోట వినబడటం అదే మొదలు.

"కోయకపోతే?"

"కోయకపోతే ఇది పోతుంది. ఎప్పుడని చెప్పలేను. నొప్పి అణిగే ఆకు పసరు ఇస్తాను. పోసే పని లేదు, పంజా మీద రాస్తే అదే నాక్కుంటుంది. అది రోగాన్ని మాన్పదు. బాధను మాత్రం తగ్గిస్తుంది."

"మీ పిల్లే అయితే మీరేం చేసేవారయ్యా?"

సోమిదేవయ్య చిన్నగా నవ్వాడు. "నా పిల్లి కాదుగా తల్లీ. దీనితో నా పరిచయం ఇందాకటిదే. నువ్వు దీన్ని పిల్లికూనగా ఉన్నప్పటి నుంచి ఎరుగుదువు. అందుకే నేనే నిన్ను అడుగుతాను. ఒంట్లో బాగున్న రోజుల్లో దీనికి ఏమేం ఇష్టం?"

చౌడమ్మ ముఖం ఒక్క క్షణం వెలిగింది. "ఎండ. పొద్దున్నే పడుగు పక్కన పడుకుని ఎండ కాగేది."

"ఇప్పుడు కాగుతోందా?"

"లేదండీ. ఎండ సోకకూడదన్నారు."

"ఇంకేమి ఇష్టం?"

"మీగడ. ఇంత పెడితే ఇంకా పెట్టమని పోరేది."

"ఇప్పుడు పెడుతున్నావా?"

"పథ్యమన్నారు" అంది చౌడమ్మ.

"ఇంకా?"

"మగ్గం గుంటలో... నేను నేస్తుంటే, నా పాదం మీద..." ఆమె మగ్గానికి కట్టిన పసుపు దారం వంక చూసింది.

దాని గౌరవం కోసం మగ్గం ఆపాననుకుంది చౌడమ్మ. పుట్టిన నాటి నుంచి ఆ చప్పుడులోనే నిద్రపోయిన పిల్లికి, ఆ చప్పుడు ఆపేసి నిద్ర లేకుండా చేసింది. రోగి మనిషైతే నిశ్శబ్దం కావాలి. కానీ మనిషికి కట్టిన ఆచారాన్ని పిల్లికి కట్టింది.

"రోగం నాడె దగ్గర ఇంకా చాలా మిగిల్చింది తల్లీ" అన్నాడు సోమిదేవయ్య మెల్లగా. "ఎండ కాగే ఒళ్ళు మిగిల్చింది. మీగడ రుచి మిగిల్చింది. అవి దాని దగ్గర నుంచి తీసుకున్నది రోగం కాదు."

చౌడమ్మకు అది కొరడా దెబ్బలా తగిలింది. అయినా తల తిప్పుకోలేదు.

"సంత ముగిసేదాకా నేను ఇక్కడే ఉంటాను" అంటూ లేచాడు వైద్యుడు. "కత్తి కావాలంటే కబురు పెట్టు, వస్తాను. నా చేతనైనంత జాగ్రత్తగా కోస్తాను. వద్దంటే పసరు వాడు. ఏది ఎంచుకున్నా, దాని వంక చూసి ఎంచుకో."

ఆయన వెళ్ళాక చౌడమ్మ చేసిన మొదటి పని కిటికీ తెరవడం.

రెండో పని ఉట్టి మీది పాలు దించి, వేలితో మీగడ తీసి, నూలు కుండల ముందు నేల మీద పెట్టి దూరంగా జరగడం. నాడె రాలేదు. చౌడమ్మ ఇంకా దూరం జరిగింది. అప్పుడు వచ్చింది. రెండుసార్లు నాకి, మూతి తుడుచుకుంది.

మూడో పని కష్టమైనది. ఆమె మగ్గం దగ్గరికి వెళ్ళి పసుపు దారం ముడి మీద చెయ్యి వేసింది.

బసవయ్య అడ్డం వచ్చాడు. "ఆగవే. అది విప్పితే ఏమని అర్థమో తెలుసు కదా?"

"తెలుసు."

"దాన్ని వదిలేస్తావా? కోయిద్దామే. సోమిదేవయ్య చేతివాసి మంచిది. కొన్ని లేచాయన్నాడుగా, మనది లేవకూడదా? పెరుగు గిన్నె కాదు, ఇక నుంచి కుండ మొత్తం దానికే వదిలేస్తాను." దొంగమొహందని తిట్టినవాడే తువ్వాలులో మొహం దాచుకున్నాడు.

చౌడమ్మ అతని పక్కన కూర్చుంది.

"నాకు మాత్రం లేదా ఆశ? నేతవాళ్ళ ఇంట పుట్టాను. పోగు తెగితే ముడి వేయకుండా లేవకూడదని మా నాయన వేళ్ళ మీద కొట్టి నేర్పాడు. ఇన్నాళ్ళూ నాడెను కూడా అలాగే చూశానయ్యా. తెగుతోంది, ముడి వెయ్యాలి. గొట్టంతోనైనా, కత్తితోనైనా, ఎలాగైనా సరే అనుకున్నాను. కానీ అది పోగు కాదు. పోగుకు ముడి వేస్తే నొప్పి తెలియదు. దానికి తెలుస్తుంది."

బసవయ్య తువ్వాలులోంచి మొహం తీయలేదు.

"చిన్నదైతే నేనే కత్తి పట్టుకురమ్మందును. బతకడానికి చాలా వయసు ఉన్నప్పుడు కొన్నాళ్ళ నొప్పి ఓర్చుకోమనడంలో న్యాయం ఉంది. ఇది ముసలిది. ఉన్న కాస్త కాలమూ గాయం మానడానికే పోతుంది. ఆ నొప్పి ఎందుకో దానికి చెప్పినా అర్థం కాదు. మనం బాధపెడుతున్నామనే అనుకుంటుంది. ఇవాళ నన్ను చూసి దాక్కుందయ్యా. అలా దాక్కునే పోతే..." చౌడమ్మ ఆగింది. "అది బతకాలని నాకు ఉంది. కానీ అది నా కోరిక. దానికేం కావాలో చూస్తే, ఎండ కావాలి, మీగడ కావాలి, ఆ గుంట కావాలి."

బసవయ్య తలెత్తాడు. "మరి ఊరివాళ్ళు?"

"ఊరివాళ్ళ పాదం మీద పడుకోదు కదా నాడె."

ఆ మాటకు బసవయ్యకు ఏడుపులోనే నవ్వు వచ్చింది. ముడి బాగా బిగిసింది. ఇద్దరూ కలిసి విప్పారు.

టకా టకా, టకా టకా.

ఆ చప్పుడు వినీ వినగానే ఈరమ్మ వచ్చింది. "ఏం వదినా, పిల్లి బాగయిందా?"

"లేదు."

"బాగవ్వకుండా దారం విప్పేశావా? ఆశ వదిలేశావా? మొన్నేమో పిల్లి కాదంటివి!"

"బతుకుతుందన్న ఆశ వదిలేశాను వదినా" అంది చౌడమ్మ, నేత ఆపకుండానే. "దాన్ని మాత్రం వదల్లేదు."

అంతలో లోపలి గదిలోంచి నాడె వస్తోంది. నాలుగడుగులు వేసి ఆగి, మళ్ళీ నాలుగడుగులు వేసి వస్తోంది. గుంట అంచుకు వచ్చి కిందికి చూసింది. దూకలేకపోయింది. చౌడమ్మ చెయ్యి చాపింది. చాపి, పట్టుకోకుండా అలాగే ఉంచింది. గొట్టం పట్టిన చెయ్యి అది. నాడె ఆ వేళ్ళను వాసన చూసింది. మళ్ళీ చూసింది. ఆ తర్వాత తనంతట తానే అరచేతిలోకి ఒరిగింది.

చౌడమ్మ దాన్ని గుంటలోకి దించింది. అది పాదం మీద తల పెట్టుకుంది. ఎన్నాళ్ళుగానో కరువైన నిద్ర ఒక్కసారిగా వచ్చిపడింది. ఈరమ్మ అడుగుల చప్పుడు కాకుండా బయటికి వెళ్ళిపోయింది. సాయంత్రం ఆమె ఇంటి నుంచి ఒక చిన్న గిన్నెలో మీగడ వచ్చింది.

ఆ తర్వాత నాడె ఎన్నాళ్ళు ఉందని అడుగుతారా పిల్లలూ? చౌడమ్మ లెక్కపెట్టలేదు. పసరు రాస్తే పంజా నాక్కునేది. నొప్పి అణిగిన పూట పడుగు పక్కన ఎండ కాగేది. ఒకనాడైతే ఎలుకను చూసి తోక ఆడించింది కూడా. ఆ ఎలుక తాపీగా నడిచి వెళ్ళింది, నాడె తాపీగా చూసింది, బసవయ్య పగలబడి నవ్వాడు. చౌడమ్మ మట్టెల చప్పుడు వినబడితే లేచి నిలబడలేకపోయినా తల ఎత్తేది. తోక కొస మాత్రం నిలబడేది.

వాన వచ్చేలా ఉన్న ఒక మధ్యాహ్నం, చౌడమ్మ నేస్తూ ఉండగా, పాదం మీద గురగుర ఆగిపోయింది. ఆమె వంగి చూసింది. ముఖంలో ఏ బాధా లేదు. అలవాటైన చోట అలవాటుగా పడుకున్నట్టే ఉంది.

పెరట్లో మల్లెపాదు దగ్గర మట్టి ఇచ్చారు.

కొన్నాళ్ళు చౌడమ్మకు అన్నం సయించలేదు. ఒకటే ఆలోచన. కోయించి ఉంటే బతికేదేమో. ఆ తక్కువలో ఒకటి అయ్యేదేమో. ఉండబట్టలేక బయలుదేరి, పొరుగూళ్ళో ఉన్న సోమిదేవయ్య దగ్గరికి వెళ్ళింది. ఆయన ఒక దూడకు కట్టు కడుతున్నాడు.

"అయ్యా, నేను చేసింది తప్పా?"

ఆయన చెయ్యి ఆపాడు. "కత్తి పెట్టి ఉంటే ఏమయ్యేదో నాకు తెలియదు తల్లీ. నువ్వు కత్తే కోరుకుని అది లేవకపోయి ఉంటే, అప్పుడూ ఇదే మాట చెప్పేవాణ్ణి. ఆ రెండో దారి ఎలా ఉండేదో ఎవరికీ తెలియదు. నడిచిన దారి సంగతి అడుగుతాను, చెప్పు. చివరి రోజుల్లో నీ అడుగుల చప్పుడు వింటే అది ఏం చేసేది? దాక్కునేదా?"

"లేదండీ" అంది చౌడమ్మ. కళ్ళు నిండాయి. "తల ఎత్తి చూసేది."

"మరి నీకు ఇంకెవరు చెప్పాలి తల్లీ? అదే చెప్పి వెళ్ళింది."

చౌడమ్మ ఆ దూడ పక్కనే కూర్చుని కరువుతీరా ఏడ్చింది. దూడ ఆమె కొంగు నమిలింది. సోమిదేవయ్య కట్టు కట్టడం పూర్తి చేశాడు. ఇంటికి వచ్చి ఆమె బసవయ్యకు వడ్డించింది, తానూ కడుపునిండా తిన్నది.

కాబట్టి పిల్లలూ, ప్రేమించిన ప్రాణికి ఏ వైద్యం చేయించాలో తేల్చుకునేటప్పుడు, దాన్ని పోగొట్టుకుంటామన్న మన భయాన్ని కాదు, అది పడే బాధనూ దానికి మిగిలిన సుఖాన్నీ చూసి తేల్చుకోవాలి.